కొత్తగా తెచ్చుకున్న పిల్లి కూన వాంతులు చేసుకుంటుంటే

మీరు రాసిన వివరాలు మరోసారి చెప్పుకుని మొదలుపెడతాను, జవాబు చాలావరకు వాటిలోనే ఉంది. విజయవాడలో మీ వారి స్నేహితుడి కిరాణా కొట్టు గోడౌన్‌లో పుట్టిన కూన. వయసు రెండు నెలలు ఉండొచ్చు. ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. మొదటి రోజు పాలు పోశారు, రెండో రోజు పెరుగన్నం, ఆ సాయంత్రమే కొత్తగా కొన్న ప్యాకెట్ గింజలు (పిల్లుల కోసం అమ్మే పొడి తిండి) పెట్టారు. మూడో రోజు తిన్నది తిన్నట్టే కక్కింది. ఈ రోజు పొద్దున రెండుసార్లు పసుపు నురగ. మధ్యమధ్యలో ఆడుతోంది, పాప వెంట పరిగెడుతోంది. టీకాలు, కడుపులో పురుగులు పోవడానికి వేసే మందు ఏవీ పడలేదు. మీరు అడిగినవి మూడు. మీ అత్తగారు చెప్పినట్టు ఒక రోజు పస్తు ఉంచాలా? పాపకి వేసే వాంతుల సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా? దీని జబ్బు పాపకి అంటుకుంటుందా?

పస్తు వద్దు. సిరప్ వద్దు. పాప సంగతి చివర్లో చెప్తాను. మీరు అడగనిది ఒకటి ఇప్పుడే చెప్పాలి: ఈ సాయంత్రం క్లినిక్ తెరిచే వేళకి కూనతో అక్కడ ఉండండి, రేపటికి ఆపొద్దు. టీకా పడని రెండు నెలల కూన వరసగా రెండో రోజు కూడా కక్కుతోందంటే, ఆడుతున్నా సరే, డాక్టరు చేతులు దాని పొట్ట మీద పడాల్సిందే.

ఎందుకింత తొందర అంటారా. రెండు నెలల కూన బరువు సుమారు 800 గ్రాములు, గోడౌన్ కూనలైతే అంతకన్నా తక్కువే ఉంటాయి. దాని కాలేయంలో దాచుకున్న చక్కెర కొన్ని గంటలకే అయిపోతుంది. పెద్ద పిల్లి ఒక రోజు తినకపోయినా తట్టుకుంటుంది. కూన నాలుగైదు గంటలు దాటి ఖాళీ కడుపుతో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి, ఒళ్ళు చల్లబడి, నిలబడలేక తూలుతుంది. లంఖణం పరమౌషధం అన్న మాట మనుషులకి ఎంత నిజమో గానీ, పాలు మానిన కొత్తలో ఉన్న పిల్లి కూనకి మాత్రం అస్సలు పనికిరాదు. అత్తగారికి ఈ కారణం చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఇంటివాళ్ళు క్లినిక్‌కి వచ్చినప్పుడు వాంతి రంగు గురించే ఎక్కువగా చెప్తారు. పసుపు, తెలుపు, నురగ, జిగట అంటూ. కడుపు ఖాళీగా ఉండగా కక్కితే పైత్యరసం వస్తుంది, అందుకే ఆ పసుపు. అది చెప్పేది అంతే. రక్తం గానీ, కాఫీ పొడిలాంటి నలుపు గానీ, పురుగులు గానీ, దారం ముక్క గానీ కనబడితే తప్ప రంగుతో పెద్దగా తేలదు. చూడాల్సింది వాంతిని కాదు, కూనని. కక్కిన పావుగంటకి ఏం చేస్తోంది? తోక ఎగరేసుకుంటూ మళ్ళీ ఆటకి వచ్చిందా, మంచం కింద మూలకి వెళ్ళి ముడుచుకుందా? గిన్నె దగ్గరికి వచ్చి తింటోందా, వాసన చూసి మొహం తిప్పుకుంటోందా?

పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. తడిగా, లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగురు జిగటగా, ఎండినట్టుగా, పాలిపోయి ఉంటే ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. మెడ మీద చర్మం పట్టుకుని లాగి చూసే పద్ధతి చాలామంది చెప్తారు, కూనల్లో దాన్ని నమ్మలేం, చిగుళ్ళే నయం. పిల్లుల మామూలు వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకి జ్వరమనిపించే 101 దానికి మామూలే, కాబట్టి ఒళ్ళు వెచ్చగా తగిలిందని జ్వరం అనుకోవద్దు. చల్లగా తగిలితే మాత్రం భయపడాలి. వంటింటి తూకం ఉంటే రోజూ ఒకే వేళకి బరువు రాసి పెట్టండి. ఈ వయసు కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి. రోజుకి రోజు తగ్గుతుంటే, అది ఎంత ఆడుతున్నా లోపల ఏదో జరుగుతున్నట్టే.

ఇంకో సంగతి, అది నిజంగా వాంతేనా అన్నది. వాంతి అయితే పొట్ట ఎగదన్నుతూ, మూడు నాలుగు సార్లు డొక్కలు లోపలికి పీక్కుని ఆ తర్వాత బయటికి వస్తుంది. తిన్న వెంటనే, ఏ శ్రమా లేకుండా, గొట్టంలా చుట్టుకున్న తిండి జారిపడితే అది గొంతు దగ్గరి నుంచే వెనక్కి వచ్చిందన్నమాట. గబగబా మింగే కూనల్లో ఇది మామూలు, కానీ ప్రతి పూటా ఇలాగే అవుతుంటే అన్నవాహికలో లోపం ఉందేమో చూడాలి. మెడ చాచి నేలకి ఆనించి కక్కుతున్నట్టు చేసి ఏమీ రాకపోతే అది దగ్గు కావచ్చు. ఫోన్‌లో ఒక్క వీడియో తీసి ఉంచుకోండి, మాటల్లో పది నిమిషాలు వర్ణించినదానికన్నా డాక్టరుకి అదే ఎక్కువ ఉపయోగం.

ఇక కారణాలు. మీ కూన విషయంలో ముందు నా చూపు పడేది తిండి మీదే. రెండు రోజుల్లో మూడు రకాల తిళ్ళు మారాయి. గోడౌన్‌లో తల్లి పాలు, తల్లి తెచ్చిన ఎలకో తొండో తిన్న పొట్ట అది. పిల్లికి పాలు పోయడం మనకి ఎంత అలవాటంటే, పాలు దానికి పడవంటే ఎవరూ నమ్మరు. తల్లి పాలు మానే వయసు నుంచి కూన పేగుల్లో పాలచక్కెరని అరిగించే ఎంజైమ్ తగ్గిపోతూ వస్తుంది. ఆవు పాలలో, గేదె పాలలో ఉన్న ఆ చక్కెర అరగక పేగులో పులుస్తుంది. ఎక్కువ కూనలకి విరేచనం అవుతుంది, కొన్నిటికి వాంతి కూడా. నీళ్ళు కలిపి పల్చన చేసినా చక్కెర చక్కెరే. పెరుగులో అది కొంత తక్కువ, కానీ పెరుగన్నం పిల్లికి తిండి కాదు. పిల్లి మాంసం మీదే బతికే జంతువు, టారిన్ అనే పదార్థం దానికి తిండిలోనే అందాలి. నెలల తరబడి పెరుగన్నం మీద పెంచితే కళ్ళు, గుండె దెబ్బతింటాయి. మీ ఇంట్లో మాంసం వండరని రాశారు. ఆ ఆచారాన్ని వదులుకోనక్కర్లేదు, కిట్టెన్ అని రాసి ఉన్న ప్యాకెట్ తిండి మంచిది వాడితే అన్నీ అందుతాయి. కాకపోతే దాన్ని ఒక్కసారిగా మార్చకూడదు. పాతది మూడొంతులు, కొత్తది ఒక వంతుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. గోడౌన్‌లో ఏం తిన్నదో తెలియదు గనక ఆ వారమంతా గింజల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా పెట్టండి.

ఈ రోజుకి ఏం చేయాలంటే, వాంతి అయ్యాక ఒక గంటన్నర, రెండు గంటలు గిన్నె తీసేయండి. ఆ తర్వాత ఒక చెంచాడు తిండి పెట్టండి. నానబెట్టిన గింజలు గానీ, పక్కింట్లో వండించగలిగితే ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉడకబెట్టిన కోడి రొమ్ము మాంసం తురుము గానీ. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి, కూర నుంచి ముక్క కడిగి పెడితే సరిపోదు. ఆ చెంచాడు నిలిస్తే రెండు గంటలకి మరో చెంచాడు. నీళ్ళు కూడా అంతే, పెద్ద గిన్నె నిండా పెడితే గటగటా తాగి మళ్ళీ కక్కుతుంది, అడుగున కొద్దిగా పోసి మాటిమాటికీ పెట్టండి. సిరంజితో నోట్లోకి బలవంతంగా కొట్టొద్దు. కక్కే కూనకి అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పుడు వాంతులకి న్యుమోనియా తోడవుతుంది. నీరసపడి తూలుతుంటే మాత్రం గ్లూకోజు నీళ్ళో, కాస్త తేనెనో వేలికి రాసుకుని చిగుళ్ళకి రుద్ది, మెత్తటి గుడ్డలో చుట్టి, గోరువెచ్చటి నీళ్ళ సీసా పక్కన పెట్టి వెంటనే బయలుదేరండి.

రెండోది పురుగులు. వీధి కూనల్లో ఏలికపాములు లేనివి దాదాపు ఉండవనే అనుకుని మొదలుపెట్టొచ్చు. అవి తల్లి పాల ద్వారానే కూనకి చేరతాయి, కాబట్టి శుభ్రమైన ఇంట్లో పుట్టినా తప్పవు. గుండ్రటి పొట్ట, సన్నటి వెన్ను, గరుకైన బొచ్చు ఉంటే అనుమానం బలపడుతుంది. ఒక్కోసారి వాంతిలోనే సేమియా పోగుల్లా తెల్లగా మెలికలు తిరుగుతూ వస్తాయి. చూసి హడలిపోతారు గానీ, వైద్యం తేలికైన జబ్బుల్లో ఇదొకటి. మందు బరువుని బట్టి వేస్తారు, మొదట్లో రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. ఇంట్లో పాపకి వేసే ఆల్బెండజోల్ ఉంది కదా అని అది మాత్రం వేయకండి. పిల్లుల్లో అది ఎముక మజ్జని దెబ్బతీయగలదు, వాటికి వేరే మందులున్నాయి.

ఇప్పుడు అసలు భయపడాల్సినవి రెండు.

ఒకటి పాన్‌ల్యూకోపీనియా. కుక్కపిల్లల్లో పార్వో పేరు విని ఉంటారు, అది ఆ వైరస్‌కి దగ్గరి చుట్టం. టీకా పడని కూనల ప్రాణాలు ఎక్కువగా తీసే జబ్బుల్లో ఇది ముందుంటుంది. వైరస్ పేగుల లోపలి పొరనీ, ఎముక మజ్జనీ ఒకేసారి దెబ్బ కొడుతుంది. అందుకే ఒకవైపు వాంతులు, విరేచనాలతో నీరు పోతుంటే, మరోవైపు తెల్ల రక్తకణాలు పడిపోయి, పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడినా ఎదుర్కొనే బలం ఉండదు. లక్షణాలు ఒకేలా రావు. చాలా కూనల్లో ముందు జ్వరం, తిండి మానేయడం, ఆ తర్వాత పసుపు నురగ వాంతులు, ఆ పైన విరేచనాలు. కొన్ని పొద్దున ఆడుకుని సాయంత్రానికి పడిపోతాయి. నీళ్ళ గిన్నె మీద తల వేలాడేసి, తాగాలని ఉన్నా తాగలేక అలాగే కూర్చుంటే అది చాలా చెడ్డ గుర్తు.

ఈ వైరస్ ఒంట్లోకి చేరాక జబ్బు బయటపడటానికి రెండు నుంచి పది రోజులు పడుతుంది. మీ ఇంటికి వచ్చి నాలుగు రోజులే అయింది కాబట్టి, ఒకవేళ అదే అయితే గోడౌన్‌లోనే అంటుకుని ఉండాలి. అందుకే మీరు ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. మీ వారి స్నేహితుడికి ఫోన్ చేసి, దీని తోబుట్టువులు ఎలా ఉన్నాయో కనుక్కోండి. ఒక్కటైనా చనిపోయిందా, కక్కుతోందా, కనబడకుండా పోయిందా? తల్లి తింటోందా? ఆ జవాబు డాక్టరుకి సగం దారి చూపిస్తుంది. అదే ఫోన్‌లో గోడౌన్‌లో ఎలకల మందు పెట్టారా, పెడితే ఏ రకం అని కూడా అడగండి. జింక్ ఫాస్ఫైడ్ రకం అయితే తిన్న గంటల్లోనే తెలిసిపోయేది, నాలుగు రోజులు ఆగేది కాదు. రక్తం గడ్డకట్టనీయని బిళ్ళల రకం మాత్రం మూడు నుంచి ఐదు రోజులకి బయటపడుతుంది, అందులో వాంతికన్నా చిగుళ్ళు పాలిపోవడం, నీరసం, ఎక్కడో ఓ చోట రక్తస్రావం కనబడతాయి. మందు పేరు తెలిస్తే విరుగుడు విటమిన్ కె మొదలుపెట్టడం తేలిక, అందుకని అట్టపెట్టె ఫోటో పంపమనండి.

పాన్‌ల్యూకోపీనియాని నేరుగా చంపే మందంటూ లేదు. సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్, వెచ్చదనం, కొద్దికొద్దిగా తిండి, వీటితో ఒళ్ళు తనని తాను నిలబెట్టుకునేదాకా మోయాలి. మొదటి ఐదు రోజులు గట్టెక్కిన కూనలు చాలావరకు బతుకుతాయి, ఆ జబ్బు మళ్ళీ వాటి జోలికి సాధారణంగా రాదు. వైద్యం అందనివి మాత్రం ఎక్కువ భాగం దక్కవు. ఆ తేడా అంతా ఎంత త్వరగా సెలైన్ ఎక్కిందన్న దాని మీదే ఉంటుంది. అందుకే ఈ సాయంత్రం అన్నాను.

రెండోది దారం. మన ఇళ్ళల్లో దీన్ని ఎవరూ ప్రమాదంగా చూడరు. పూలమాల కట్టిన దారం, వాడిపోయాక చెత్తబుట్టలో పడేసిన మల్లెదండ, కుట్టుమిషన్ కింద రాలిన పోగు, పాప జడ రబ్బరు బ్యాండు, సంక్రాంతి తర్వాత మేడ మీద మిగిలిపోయిన గాలిపటం దారం. పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలి వైపుకి తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన పోగుని బయటికి ఉమ్మడం దానికి కష్టం, మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి జారితే, పేగు దాన్ని ముందుకి తోయాలని చూసి తనే ఆ దారం మీద కుచ్చిళ్ళలా ముడుచుకుంటుంది. బిగిసిన దారం లోపలి గోడని కోస్తుంది. కక్కుడు ఆగదు, తిండి మానేస్తుంది, పొట్ట తాకనివ్వదు. నా దగ్గరికి వచ్చిన ఒక కూనకి మూడు రోజులు తిండి మార్చి మార్చి పెట్టారు, వాంతులు తగ్గలేదు. నాలుక ఎత్తి చూస్తే సన్నటి తెల్ల పోగు కనబడింది, పూజ గదిలోని దండ దారం. ఆపరేషన్ చేసి తీశాం, బతికింది.

మీరూ ఇప్పుడే చూడండి. ఒకరు కూనని తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, మరొకరు ఒక చేత్తో నోరు తెరిచి, రెండో చేతి బొటనవేలితో గడ్డం కింద రెండు దవడల మధ్య మెత్తటి చోట పైకి నొక్కితే నాలుక లేస్తుంది, కింద కనబడుతుంది. దారం కనబడితే లాగొద్దు. తోక కింద నుంచి వేలాడుతున్నా లాగొద్దు. లోపల బిగిసి ఉన్నప్పుడు లాగితే పేగు తెగుతుంది. అలాగే వదిలేసి ఆ నిమిషమే బయలుదేరండి, ఆపరేషన్ సదుపాయం ఉన్న చోటికి. మీకు దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రిని మనసులో పెట్టుకోండి. రాత్రి వేళైతే ముందు ఫోన్ చేసి, డాక్టరు ఉన్నారో లేదో కనుక్కుని వెళ్ళండి.

ఇంట్లోని విషాలు కొన్ని త్వరగా చెప్తాను. వాంతి తుడిచిన చోట ఫినాయిల్ కొట్టామని రాశారు. ఆపేయండి. ఫినాల్ జాతి రసాయనాల్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, పాదాలు నాకితే చాలు, నోరు మండి, చొంగ కార్చి, కక్కుతుంది. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికి కారణం కూడా ఆ కాలేయ లోపమే, పెద్ద పిల్లిని సైతం ఒక్క మాత్ర చంపగలదు. కుక్కలకి గోమార్ల కోసం వేసే పెర్మెత్రిన్ మందు మెడ మీద వేయడం కూడా అంతే ప్రమాదం. కుండీల్లో మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా కొరికితే నోరు మండి వాంతులవుతాయి, సైకాస్ కాలేయాన్ని తినేస్తుంది. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీల పుప్పొడి ఒంటి మీద పడి నాకినా మూత్రపిండాలు పోతాయి. మన పూల బజారులో దండలకి అమ్మే సన్నటి తెల్ల లిల్లీలు ఆ జాతివి కావు. పాపకి వేసే వాంతుల సిరప్ కూడా ఈ వరసలోదే. అందులోని మందుని డాక్టర్లు పిల్లులకీ వాడొచ్చు గాక, మోతాదు 800 గ్రాముల ప్రాణానికి లెక్కగట్టాలి. పైగా పేగులో దారం ఉన్నప్పుడు వాంతులు మాత్రం ఆగితే జబ్బు కనబడకుండా ముదురుతుంది.

నేల తుడవడానికి ముందు సబ్బు నీళ్ళు, తర్వాత లీటరు నీళ్ళలో 30 మిల్లీలీటర్ల సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ కలిపి పది నిమిషాలు ఉంచి, మంచి నీళ్ళతో కడిగేసి, ఆరాక కూనని రానివ్వండి. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు, మామూలు ఫినాయిల్‌కి చావదు, దీనికి చస్తుంది. బ్లీచ్‌ని మరే క్లీనర్‌తోనూ కలపకండి.

క్లినిక్‌కి వెళ్ళేటప్పుడు మూత ఉన్న బుట్టలో తీసుకెళ్ళండి, అక్కడ నేల మీద దింపొద్దు. ప్యాకెట్ తిండి కవరు, వాంతి ఫోటోలు, శుభ్రమైన డబ్బాలో ఈ రోజు మలం కొంచెం, ఏ టైముకి ఏం తిన్నది, ఎప్పుడు కక్కింది రాసిన కాగితం ఉంటే చాలు. మలంలో పురుగుల గుడ్లు, కాక్సీడియా (పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవి) ఉన్నాయేమో చూస్తారు. అనుమానం వస్తే పార్వో కిట్‌తో పరీక్షిస్తారు, కుక్కల కోసం చేసిన ఆ కిట్ పిల్లి వైరస్‌ని కూడా పట్టగలదు. తెల్ల కణాల కోసం కొద్దిగా రక్తం తీస్తామంటే భయపడకండి. టీకా ఈ రోజే వేసేయమని అడగొద్దు, వాంతులు తగ్గి బాగా తింటున్నాక మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో నాలుగు నెలల వయసు దాకా పూర్తి చేయించండి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా.

ఇక పాప సంగతి. పాన్‌ల్యూకోపీనియా మనుషులకి రాదు. కూన వాంతి చేసుకున్నంత మాత్రాన పాపకి వాంతులు పట్టుకోవు. అంటుకునేది ఏలికపాముల గుడ్ల ద్వారా, అదీ మలం నుంచి. తాజా మలంలో గుడ్లు ఉన్నా, అవి జబ్బు అంటించే స్థితికి రావడానికి బయట రెండు వారాలకి పైగా పడుతుంది. కాబట్టి ట్రేలో మలాన్ని రోజూ తీసి, కవర్లో కట్టి పడేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఆ పని పెద్దవాళ్ళే చేయండి. పాప గోళ్ళు కత్తిరించండి, కూనతో ఆడాక, తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి, మేడ మీద మట్టి కుండీల్లో పిల్లి విసర్జించకుండా వాటి మీద ఏదైనా కప్పి ఉంచండి. కూనకి పురుగుల మందు రెండు మోతాదులు పడేదాకా పాప మంచం మీద పడుకోబెట్టకండి. అత్తగారు తిరిగి గోడౌన్‌లో వదిలేయమంటున్నారని రాశారు. ఇప్పుడున్న స్థితిలో అక్కడ దానికి వేళకి చెంచాడు తిండి పెట్టేవాళ్ళుండరు. ఆమె భయం పాప గురించే గనక, ఈ పేరా ఆమెకి చదివి వినిపించండి.